తండ్రిగారికి సిపాయిలంటే ఇష్టం

ఫిబ్రవరి 8

ఈ పుస్తకం దారి కోసం కొన్నాను. మొదటి పేజీలో లావోస్ ఉండాల్సింది. కానీ ఇవాళ జరిగింది ఎక్కడో ఒకచోట కక్కకపోతే నిద్ర పట్టేలా లేదు, అందుకని ఇంట్లోనే మొదలుపెట్టేస్తున్నాను.

అన్నాల దగ్గర చెప్పేశాను. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగంలో చేరను, ఒక ఏడాది దేశాలు తిరిగొస్తాను అని. మే నెలలో నేనూ, నా స్నేహితుడు మోకూ బయలుదేరతాం. విమానం ఎక్కం. మా దేశం కొసన నోంగ్ ఖాయ్ దగ్గర నది దాటితే లావోస్, అక్కణ్ణుంచి రైల్లో చైనా, చైనాకి ఆ చివర కజకిస్తాన్. కాస్పియన్ సముద్రం దాటాలో చుట్టూ తిరిగి పోవాలో ఇంకా తేలలేదు. ఎలాగైతేనేం, సెప్టెంబరుకల్లా జార్జియాలో ద్రాక్ష కోతల్లో ఉంటాం.

శనివారం కదా, నాన్న రొయ్యల చెరువుల దగ్గర్నుంచి వచ్చాడు. చేపలో ముల్లు ఏరుకుంటూ "మీ అమ్మనడుగు" అన్నాడు. నేను పుట్టినప్పట్నుంచీ ఆయన నాకిచ్చిన సలహా ఇదొక్కటే.

అమ్మ చెంచా పక్కన పెట్టింది.

"ఏడాది పాటు ఏం చేస్తావురా?"

"చూస్తాను."

"ఏం చూస్తావు?"

"అది తెలిస్తే వెళ్ళడం దేనికి?"

"ముందు అన్నం, తర్వాత పండు. ముందు ఉద్యోగంలో చేరు. కుదురుకున్నాక ఓ వారం సెలవు పెట్టి వెళ్ళు, నేనొద్దన్నానా?"

ఆ ఉద్యోగం కథ ఇది. అమ్మ పార్లర్‌కి వచ్చే ఒకావిడ మొగుడు కార్ల విడిభాగాల కంపెనీలో మేనేజరు. అమ్మ ఆవిడ జుట్టుకి రంగు వేస్తూ వేస్తూ నా బతుకు కూడా ఖాయం చేసేసింది. జూన్ ఒకటిన చేరాలట. నన్నెవరూ అడగలేదు.

వెళ్తాను. ఇక్కడ రాసిపెడుతున్నాను. వెళ్తాను.

ఫిబ్రవరి 11

అడ్డు ఒక్కటే. ఏప్రిల్లో చీటీల రోజు. చదువు పేరు చెప్పి ఇన్నాళ్ళూ వాయిదా వేయించుకున్నాను, ఇక కుదరదు. ఊళ్ళో ఈడొచ్చిన మగపిల్లలందరితో పాటు పెట్టెలో చెయ్యి పెట్టాలి. నల్ల చీటీ వస్తే ఇంటికి, ఎర్ర చీటీ వస్తే సైన్యానికి. డిగ్రీ ఉన్నవాడికి ఏడాది. సరిగ్గా నా ఏడాదే వాళ్ళకీ కావలసి వచ్చింది.

మోక్‌కి ఈ గొడవ లేదు. హైస్కూల్లో మూడేళ్ళు ఎండలో కవాతు చేసి అప్పుడే తప్పించుకున్నాడు.

అమ్మ ఇవాళ కొత్త రాగం ఎత్తుకుంది. "నీ అంతట నువ్వే పేరిస్తే ఆరు నెలలేనటరా. ఇచ్చెయ్యకూడదూ? కంపెనీ వాళ్ళు కూడా సైన్యానికి వెళ్ళాడంటే కుర్చీ అట్టే పెడతారట."

"నా కాళ్ళతో నేను నడిచివెళ్ళి ఇవ్వను. కావాలంటే పెట్టెలోంచి లాక్కోమను."

"మొండి వెధవ."

"నీ పోలికే."

మార్చి 2

మోక్ గదిలో పటం గోడకి అంటించాం. ఎర్ర సిరాతో దారి గీద్దామన్నాడు. ఎరుపు వద్దన్నాను. "నమ్మకాలు లేవన్నావు?" అని పళ్ళికిలించాడు. లేవు. నీలం బాగా కనిపిస్తుంది, అంతే.

మార్చి 15

అమ్మ మొక్కుకుంది.

తెల్లవారుతూనే తలంటుకుని, ఉడకబెట్టిన గుడ్ల బుట్టా పూలదండలూ పట్టుకుని, పక్కన నూడిల్స్ బండి లమ్దువన్ అత్తని తోడు తీసుకుని, నది ఒడ్డు గుడికి వెళ్ళింది. తండ్రిగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గుళ్ళో పదిమందీ తిరిగి చూసేంత గట్టిగా అందట: "నా కొడుక్కి నల్ల చీటీ ఇప్పించు తండ్రీ, నా జుట్టు నీకు ఇచ్చేస్తాను."

మొక్కుకోవడం మా ఊళ్ళో కొత్త కాదు. అందరూ గుడ్లు మొక్కుతారు, కాస్త ఉన్నవాళ్ళు నాట్యం చేయిస్తారు. జుట్టు ఎవరూ మొక్కరు. అందులోనూ అమ్మ జుట్టు! నడుం దాటి వేలాడుతుంది, ఈ వయసులో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. పార్లర్‌కి బోర్డు లేదు, ఆ జుట్టే బోర్డు.

అది కాదు నేను రాయాలనుకున్నది. తండ్రిగారిని అడిగింది అని రాయాలనుకున్నాను. ఆ గుళ్ళో బుద్ధుణ్ణి మేం తండ్రిగారనే అంటాం. పంట అడగొచ్చు, పరీక్ష అడగొచ్చు, పెళ్ళి అడగొచ్చు, లాటరీ నంబరు కూడా అడగొచ్చు. ఒక్క సైన్యం సంగతి మాత్రం ఎత్తకూడదు. ఆయనకి సిపాయిలంటే ఇష్టం. తప్పించమని అడిగినవాణ్ణి చెవి పట్టుకుని తీసుకెళ్ళి చేరుస్తాడు. పాలు తాగే పిల్లకి కూడా తెలుసు ఈ సంగతి. చీటీల నెల వచ్చిందంటే తల్లులంతా బస్సెక్కి పక్క జిల్లాకి పోయి వేరే గుళ్ళో మొక్కుకుంటారు.

కంగారులో మర్చిపోయినట్టుంది, పాపం. జుట్టంతా ఇస్తానందంటే ఎంత భయపడి ఉండాలి! నేనే అనవసరంగా విసుక్కుంటున్నాను ఆవిణ్ణి.

మార్చి 16

లమ్దువన్ అత్త గిన్నెలో మాంసం ఉండలు ఎక్కువ వేసి, "మీ అమ్మ ఎవరిని అడిగిందో తెలుసు కదరా?" అంది.

"తెలుసు. మర్చిపోయిందిలే."

"మర్చిపోయిందా? ఆ గుళ్ళో మెట్ల మీద ఆడుకుంటూ పెరిగింది మీ అమ్మ."

"పెద్దదవుతోంది కదత్తా, మర్చిపోదా?"

అత్త నా వంక అదోలా చూసి చారు పోసింది. ఆవిడకి పనీ పాటా లేదు, ఊళ్ళో వాళ్ళ మధ్య పుల్లలు పెట్టడం తప్ప.

ఏప్రిల్ 6

రేపు. మంచు నీళ్ళు తాగినట్టు చల్లగా ఉంది మనసు. అబద్ధం. ఇప్పటికి మూడుసార్లు లేచి గది ఊడ్చాను.

ఏప్రిల్ 7

నలుపు! నలుపు! నలుపు!

ఏప్రిల్ 8

నిన్న అంతకన్నా రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

పెద్ద హాల్లో చొక్కాలు విప్పించి వరసగా కింద కూర్చోబెట్టారు. ఛాతీ కొలిచారు, ముంజేతి మీద పెన్నుతో నంబరు రాశారు. అన్నిటికన్నా ముందు, తమంతట తాము చేరేవాళ్ళు లేవండి అన్నారు. లేచిన ప్రతివాడికీ మేం ఈలలు వేసి చప్పట్లు కొట్టాం. ఒకడు లేస్తే పెట్టెలో ఒక ఎర్ర చీటీ తగ్గుతుంది మరి. కిటికీ బయట నుంచి అమ్మ రెండు చేతులూ ఎత్తి 'లే, లే' అని సైగలు చేసింది. నేను ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాను.

నా ముందువాడికి ఎర్రది వచ్చింది. వాడు ముందు నవ్వాడు, తర్వాత వాడి మొహం ఎటో పోయింది. బయట వాళ్ళ అమ్మమ్మ స్పృహ తప్పింది, మందు వాసన చూపిస్తున్నారు. అంతలో నన్ను పిలిచారు. చెయ్యి పెట్టాను. చేతికి తగిలిన మొదటిదాన్ని వదిలేశాను, ఎందుకో తెలీదు, రెండోది తీశాను. ఆఫీసరు విప్పి తలపైకి ఎత్తి చూపించాడు.

నేనెంత ఎత్తు ఎగిరానో మోక్ ఫోన్లో ఉంది. బయట ఎవరెవరో ఆడవాళ్ళు కూడా కేకలు పెడుతున్నారు, ఎవరి బిడ్డ అయితేనేం అని. అమ్మ మాత్రం గట్టు మీద కూలబడిపోయింది. సంతోషం తట్టుకోలేకపోయింది.

లమ్దువన్ అత్త ఒకటే నవ్వు. "తండ్రిగారు సైన్యం నుంచి రిటైరయ్యాడర్రా!"

ఏప్రిల్ 10

"మొక్కు ఎప్పుడు తీరుస్తావమ్మా?"

"మంచి రోజు చూడాలి."

ఏప్రిల్ 16

మా కొత్త సంవత్సరం, ఒకరి మీద ఒకరు నీళ్ళు పోసుకునే పండగ. వీధంతా బకెట్లు, పిచికారీలు. పార్లర్ ముందు అమ్మ తడిసిన జుట్టు పిండుకుంటుంటే చేపల అంగడి వాళ్ళు ఆటపట్టించారు: "సాయితిప్ అక్కా, ఎందుకీ అవస్థ? తండ్రిగారి బాకీ తీర్చేస్తే తువ్వాలు కూడా అక్కర్లేదు!" అమ్మ వాళ్ళ మీద బకెట్టు విసిరింది. నీళ్ళు కాదు, బకెట్టే.

మే 3

ఎల్లుండి బయలుదేరాలి. సంచి సర్దేశాను. అమ్మ గుమ్మంలో నిలబడింది.

"మొక్కు తీరకుండా గడప దాటకు."

"అయితే తీర్చు."

"ఈ నెలలో రోజులు బాగాలేవు. తీరని మొక్కు మొక్కినవాళ్ళని ఏం చెయ్యదురా, ఎవరి కోసం మొక్కారో వాళ్ళ మీద పడుతుంది. కొండదారిలో బస్సు జారితే? ఎవరికి చెప్పుకోను?"

నాకు నమ్మకాలు లేవు. బస్సు బ్రేకులకీ అమ్మ జుట్టుకీ ఏమిటి సంబంధం? కానీ ఉత్తర లావోస్‌లో వానలు మొదలయ్యాయని చదివాను, కొండచరియలు విరిగిపడతాయట. కొన్నాళ్ళు ఆగి వెళ్ళడమే తెలివైన పని. మోక్‌కి అదే చెప్పాను.

"ఒరేయ్, వానలు ఇప్పుడే మొదలవుతాయి. ఆగితే పెరుగుతాయి గానీ తగ్గుతాయా?" అన్నాడు.

వాడికి వాతావరణం గురించి ఏమీ తెలీదు.

మే 5

మోక్ వెళ్ళిపోయాడు. లావోస్‌లో లువాంగ్ ప్రబాంగ్ అనే ఊళ్ళో నాకోసం ఆగుతాడట. "ఎక్కువ రోజులు ఆగను" అన్నాడు.

మే 14

పాస్‌పోర్టుకి అట్ట కొన్నాను.

మే 20

ఇవాళ కూడా మంచి రోజు కాదట. ఆవిడ క్యాలెండర్లో మంచి రోజులన్నీ ఎవరో కత్తిరించుకుపోయినట్టున్నారు.

మే 24

ఉతికి ఆరేశాను. కాదు, ఇద్దరం ఉతికి ఆరేసుకున్నాం.

మధ్యాహ్నం నూడిల్స్ తింటూ అమ్మ గురించి వాపోతుంటే లమ్దువన్ అత్త గరిటె కింద పెట్టేసింది. "ఇంక నావల్ల కాదురా హిన్. మీ అమ్మ మర్చిపోలేదు. గుడికి పోతూ దార్లో నాతో చెప్పింది, 'ఆయన్నే అడుగుతానక్కా, ఆయనైతే తప్పకుండా ఎర్రది ఇస్తాడు' అని. జుట్టెందుకు మొక్కావే అంటే, 'ఎలాగూ ఇచ్చేది లేదుగా, పెద్దదే మొక్కితే వాడు నమ్ముతాడు' అంది. నటనకైనా హద్దుండాలని నేను అప్పుడే చెప్పా."

నాకు తెలుసు. మార్చి పదిహేనునే తెలుసు, ఒప్పుకోలేదంతే. పై పేజీలు తిరగేస్తే సిగ్గేస్తోంది.

పార్లర్లోకి పోయాను. ఎవరూ లేరు. అమ్మ కత్తెరలు తుడుస్తోంది.

"నన్ను సైన్యంలోకి తోయమని మొక్కుకున్నావా?"

కాదంటుందనుకున్నాను. అనలేదు.

"అవును. అయితే ఏంటి? సైన్యమైతే ఎక్కడున్నావో తెలుస్తుంది. ఏ పూట ఏం తిన్నావో తెలుస్తుంది. ఏడాది అవగానే లెక్కగా తెచ్చి అప్పజెప్తారు. నీ దారి ఎవరికి అప్పజెప్తుందిరా నిన్ను? ఆ కజకిస్తానోడు నాకు ఫోన్ చేస్తాడా?"

"నా ఏడాది నువ్వు దొంగిలించబోయావు!"

"దొంగిలించబోయాను. దొరకలేదు. ఇంకా ఎందుకు అరుస్తావు?"

"అయితే మొక్కు తీర్చు."

"ఎందుకు తీర్చాలి? నేను మనసులో అడిగింది ఎర్రది. ఆయనిచ్చింది నల్లది. పీతల వేపుడు అడిగితే రొయ్యల చారు తెచ్చినవాడికి డబ్బులిస్తామా?"

"ఇవ్వకపోతే మరి అది నా మీద పడుతుందని ఎందుకు బెదిరిస్తున్నావు? బాకీ ఉందా లేదా? ఏదో ఒకటి చెప్పు" అన్నాను.

కత్తెరలు డబ్బాలో పడేసి "దువ్వెనలు అందుకో" అంది.

జూన్ 1

కంపెనీలో చేరాల్సిన రోజు. అమ్మ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా కుర్చీ మీద పెట్టి వెళ్ళింది. దాంతో సైకిలు తుడిచాను. ఆ రంగు జుట్టావిడ ఇవాళ పార్లర్‌కి రాలేదు, ఇక రాదు. అమ్మ నాతో మాట్లాడటం లేదు. హాయిగా ఉంది.

జూన్ 3

హాయిగా లేదు.

జూన్ 6

మోక్ చైనాలో కున్‌మింగ్ చేరాడు. లువాంగ్ ప్రబాంగ్‌లో ఇక ఆగలేకపోయాడు. కున్‌మింగ్‌లో అన్నం మీద పువ్వులు చల్లి పెడతారట, ఫొటో పంపాడు. చాలాసేపు చూశాను. నా వయసువాడు కున్‌మింగ్‌లో పువ్వులు తింటున్నాడు, నేను మా ఇంటి గడప దగ్గర అమ్మ జుట్టుకి కట్టేసిన దూడలా పడి ఉన్నాను.

టికెట్టు కొనేశాను. తొమ్మిదో తారీఖు, నోంగ్ ఖాయ్ రాత్రి బండి.

భోజనాల దగ్గర చెప్పాను. నాన్న కూడా ఉన్నాడు.

"మొక్కు?" అంది అమ్మ.

"అది నీకూ తండ్రిగారికీ మధ్య. నాకు నమ్మకం లేదు. బస్సు జారితే జారుతుంది."

అమ్మ మొహం పాలిపోయింది. నేను అన్నం మొత్తం తిన్నాను, ఇంకోసారి వడ్డించుకున్నాను కూడా. నాన్న మొదటిసారి నోరు విప్పాడు. "సాయితిప్, పిల్లాడు వెళ్తాడే. ఎలా వెళ్తాడన్నదే నీ చేతుల్లో ఉంది."

అమ్మనడుగు అనలేదు ఆయన. అమ్మకే చెప్పాడు.

జూన్ 10, నోంగ్ ఖాయ్

సరిహద్దు ఆఫీసు ఇంకా తెరవలేదు. నది కనిపిస్తోంది. అవతల లావోస్. నిన్నటిది రాసేసి దాటుతాను.

పొద్దున్న లేచేసరికి పార్లర్లో లైటు వెలుగుతోంది. అమ్మ అద్దం ముందు కుర్చీలో, జుట్టు కోసం వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో, మెడ చుట్టూ గుడ్డ కట్టుకుని కూర్చుంది. జుట్టు ఏడెనిమిది జడలుగా అల్లి రబ్బరు బ్యాండ్లు వేసుకుంది. ఒళ్ళో కత్తెర.

"నా చేత్తో నాకు వెనక అందదు" అంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇది కావాలనే కదా ఇన్నాళ్ళూ పోట్లాడాను, తీరా చూస్తే కాళ్ళు రావడం లేదు.

"వద్దులే అమ్మా. గుడ్లు పెట్టి క్షమించమందాం."

"తప్పుకో అవతలికి, లేకపోతే కత్తెర పట్టుకో. మధ్యలో నిలబడకు."

పట్టుకున్నాను. మొదటి జడ తెగేటప్పుడు వచ్చిన చప్పుడు నాకు ఎప్పటికీ గుర్తుంటుంది, పచ్చి కొబ్బరి కొరికినట్టు. ఆవిడ కళ్ళు మూసుకోలేదు. అద్దంలో నన్నే చూస్తోంది.

"తండ్రిగారి మీద నాకు కోపం లేదురా. ఇన్నేళ్ళూ ఆయన అందరి మనసులో మాటే వింటాడనుకున్నాను. ఈసారి నోటిమాట విన్నాడు. నోటితో అడిగింది నేనే కదా."

"నీకు ఇంత భయమా, నేను వెళ్తే?"

"భయమే. నువ్వు నాకు ఒక్కడివే. ఆ మాట చెప్తే ఆగుతావా? ఆగవు. అందుకే చెప్పలేదు, మొక్కుకున్నాను."

మిషను పెట్టాను. చెవి దగ్గర చిన్నగా గీసుకుంది. "ఇందుకే నీకు పార్లర్ అప్పజెప్పలేదు" అంది. ఆఖర్లో, భిక్షువులకి గీసినట్టు కనుబొమ్మలు కూడానా అని అడిగాను. "కనుబొమ్మలు మొక్కలేదు. ఎక్కువ ఇస్తే అలవాటు పడతాడు."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు. నా మొహం మెడ చుట్టూ కట్టుకున్న గుడ్డతోనే తుడిచింది, దానికున్న వెంట్రుకలన్నీ నా బుగ్గలకి అంటుకున్నాయి.

జడలన్నీ పళ్ళెంలో పెట్టుకుని గుడికి నడిచాం. గొడుగు తెస్తానంటే వద్దంది, తలగుడ్డ ఇస్తానంటే వద్దంది. బజారు మధ్యలోంచి, చేపల అంగడి ముందు నుంచి, బోడిగుండుతో, తల ఎత్తుకుని నడిచింది. ఒక్కడూ కిక్కురుమనలేదు. లమ్దువన్ అత్త మాత్రం బండి వదిలేసి వచ్చి పక్కన నడిచింది, ముక్కు చీదుతూ. తండ్రిగారి ముందు పళ్ళెం పెట్టి అమ్మ ఏం చెప్పిందో వినపడలేదు. ఈసారి మెల్లిగా చెప్పింది.

అసలు సంగతి ఇక్కడైనా నిజంగా రాస్తాను. ఆవిడ ఆ కుర్చీలో కూర్చోకపోయి ఉంటే నేను రైలెక్కేవాణ్ణి కాదు. టికెట్టు జేబులో పెట్టుకుని, ఏదో ఒక వాన పేరు చెప్పి ఆగిపోయేవాణ్ణి. నా బింకం అంతా అరువు బింకం. నిన్న పొద్దున్న దాన్ని నిజం చేసింది ఆవిడే.

సాయంత్రం మా ఊరి స్టేషన్‌కి వచ్చింది. నాన్న సంచి మోశాడు. ప్లాట్‌ఫారం మీద జనం అమ్మ తల వంక చూస్తున్నారు. ఆవిడ వాళ్ళ వంక చూస్తోంది, వాళ్ళే తల తిప్పుకునేదాకా. బండి వచ్చే ముందు చెయ్యి నెత్తి మీద పెట్టి గరగరా రుద్దుకుంది.

"జుట్టు నెలకి అరంగుళం పెరుగుతుందిరా. నాది కొంచెం ఎక్కువే. ఏడాదికి చెవులు కప్పుతుంది. చెవులు కప్పేసరికి నువ్వు గుమ్మంలో ఉండాలి."

"లేకపోతే?"

"లేకపోతే మళ్ళీ గీయించుకుంటాను. ఏ మొక్కమ్మా అని ఊరంతా అడుగుతారు. మొక్కేం కాదు, మావాడు ఇంకా రాలేదు అని చెప్తాను. నువ్వు వచ్చేదాకా గీయించుకుంటూనే ఉంటాను. అప్పుడు తిరుగు ఎన్నాళ్ళు తిరుగుతావో."

సరేనన్నాను. ఫిబ్రవరి నుంచి ఇప్పటిదాకా అమ్మతో నేను సరే అన్నది ఇదే మొదటిసారి.